కొత్త కానిస్టేబుల్ చట్టంలో ముందుగా దేన్ని పట్టుకోవాలి?

ప్రశ్న: శిక్షణలో ఉన్న కానిస్టేబుల్

సభ్యులందరికీ నమస్కారం. నేను సివిల్ కానిస్టేబుల్‌గా ఎంపికై ప్రస్తుతం శిక్షణలో ఉన్నాను. మాకు రాజ్యాంగ విలువలు ఒక పాఠ్యాంశం, కొత్త నేర చట్టాలు ఇంకొక పాఠ్యాంశం, స్టేషన్ విధులు వేరొక పాఠ్యాంశం. మూడింటికీ విడివిడిగా పరీక్షలు ఉన్నాయి కనుక చాలామంది విడివిడిగానే బట్టీ పడుతున్నారు. కేసు నడిపే పద్ధతిని చెప్పే భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోనే 531 సెక్షన్లు ఉన్నాయి, నేరాలనూ శిక్షలనూ చెప్పే భారతీయ న్యాయ సంహితలో మరో 358 ఉన్నాయి. ఇవి 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్నప్పటికీ, స్టేషన్లలో పనిచేస్తున్న సీనియర్లు ఇప్పటికీ ‘41ఎ నోటీసు’, ‘161 స్టేట్‌మెంటు’ అని పాత నంబర్లతోనే మాట్లాడుతున్నారు. దానివల్ల తరగతిలో విన్నదానికీ బయట విన్నదానికీ పొంతన కుదరడం లేదు.

దర్యాప్తు చేసేది ఎస్సై, ఆపై అధికారులు అయినప్పుడు, నిజంగా కానిస్టేబుల్ చేతికి వచ్చే చట్టం ఎంత? ఏ సెక్షన్లను గట్టిగా పట్టుకోవాలి? విలువల తరగతిలో చెప్పే గౌరవం, నిష్పాక్షికత వంటివి విధి నిర్వహణలో ఎక్కడ కనబడతాయి? ‘అవన్నీ పరీక్షకే, స్టేషన్‌కు వెళ్లాక పని అదే వస్తుంది’ అని కొందరు అంటున్నారు. అనుభవం ఉన్నవారు వివరంగా చెప్పగలరని కోరుతున్నాను.

జవాబు 1: విశ్రాంత ఎస్సై

తమ్ముడూ, దర్యాప్తు ఎస్సై చేస్తారు కనుక కానిస్టేబుల్‌కు చట్టం అంతగా అక్కరలేదన్న మాట నేను ఉద్యోగంలో చేరిన నాటి నుంచి వింటున్నాను. అది సరైన మాట కాదు. కేసు డైరీ రాసేది దర్యాప్తు అధికారే అయినా, ఆ కేసులో మొదటి గంట దాదాపు ఎప్పుడూ కానిస్టేబుల్ చేతిలోనే ఉంటుంది. స్టేషన్ గుమ్మంలో ఫిర్యాదుదారుకు ముందుగా ఎదురయ్యేది పారాలో (కాపలా విధిలో) ఉన్న కానిస్టేబుల్. నేరస్థలానికి ముందుగా చేరేది పెట్రోలింగ్ కానిస్టేబుల్. పట్టుకున్న మనిషి చెయ్యి మొదట పట్టేదీ, అతడిని కోర్టుకు తీసుకువెళ్లేదీ కానిస్టేబుళ్లే. ఆ గంటలో జరిగిన తప్పును తర్వాత ఎంత పెద్ద అధికారి వచ్చినా కాగితం మీద దిద్దలేరు.

గుమ్మంతోనే మొదలుపెడతాను. నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్, అంటే పాత సీఆర్పీసీ (నేర విచారణ పద్ధతి చట్టం) 154, మీకు నిద్రలో అడిగినా రావాలి. కాగ్నిజబుల్ నేరం, అంటే పోలీసులు వారంటు లేకుండా అరెస్టు చేయగల నేరం గురించి సమాచారం వస్తే, ఆ నేరం ఏ స్టేషన్ పరిధిలో జరిగినా సరే, దాన్ని నమోదు చేయాల్సిందేనని ఇప్పుడు చట్టమే చెబుతోంది. ‘జీరో ఎఫ్ఐఆర్’ అని మనం అంటున్నది దీన్నే. సమాచారం నోటిమాటగా రావచ్చు, ఎలక్ట్రానిక్ రూపంలోనూ రావచ్చు. ఎలక్ట్రానిక్‌గా వస్తే ఇచ్చిన వ్యక్తి మూడు రోజుల్లోపు వచ్చి సంతకం చేయాలి. ఎఫ్ఐఆర్ నకలు ఫిర్యాదుదారుకు గానీ బాధితులకు గానీ ఉచితంగా ఇవ్వాలి. కాగ్నిజబుల్ నేరం బయటపడుతున్నప్పుడు నమోదు చేయడమా మానడమా అన్నది పోలీసుల ఇష్టం కాదని లలితా కుమారి కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2013లోనే తేల్చి చెప్పింది. మూడేళ్లు మొదలుకొని ఏడేళ్ల లోపు వరకు శిక్ష పడే నేరాల్లో మాత్రం, డీఎస్పీ స్థాయి అధికారి ముందస్తు అనుమతితో, 14 రోజుల్లో ముగించేలా ప్రాథమిక విచారణ జరపడానికి కొత్త సంహిత వీలు కల్పించింది.

సాధారణంగా కానిస్టేబుల్‌కు ఎఫ్ఐఆర్ నమోదు చేసే అధికారం ఉండదు. స్టేషన్ ఇన్‌చార్జి లేనప్పుడు ఆ స్థానంలోకి వచ్చేది కానిస్టేబుల్ కంటే పై హోదాలో ఉన్న తర్వాతి అధికారి. అయితే నమోదు చేసే అధికారం లేకపోవడం వేరు, వచ్చినవారిని వెనక్కి పంపడం వేరు. ‘ఇది మా పరిధి కాదు’, ‘సార్ లేరు, రేపు రండి’, ‘ఇంట్లో కూర్చుని మాట్లాడుకోండి’ అనే మూడు మాటలూ గుమ్మం దగ్గర కానిస్టేబుల్ నోటి నుంచే వస్తాయి. చట్టం ఇచ్చిన హక్కు అక్కడే ఆగిపోతుంది, దానికి ఏ రిజిస్టరులోనూ ఆనవాలు ఉండదు. మీరు అడిగిన ‘గౌరవం’ విధి నిర్వహణలో కనబడే మొదటి చోటు ఇదే: వచ్చిన మనిషిని కూర్చోబెట్టడం, విషయం వినడం, స్టేషన్‌లో ఉన్న అధికారి దగ్గరకు వెంటనే చేర్చడం, వచ్చిన సమయాన్ని, స్టేషన్‌లో రోజూ జరిగేది రాసే జనరల్ డైరీలోకి ఎక్కించేలా చూడటం. అత్యాచారం, యాసిడ్ దాడి, మనుషుల అక్రమ రవాణా వంటి కొన్ని నేరాల సమాచారాన్ని నమోదు చేయని ప్రభుత్వోద్యోగికి న్యాయ సంహిత 199వ సెక్షన్ కింద ఆరు నెలలకు తగ్గకుండా రెండేళ్ల వరకు కఠిన కారాగారం ఉంది.

నాన్-కాగ్నిజబుల్ విషయమైతే 174వ సెక్షన్ వర్తిస్తుంది. సమాచారం రాసుకుని, ఆ వ్యక్తిని మేజిస్ట్రేట్ దగ్గరకు వెళ్లమని చెప్పాలి, మేజిస్ట్రేట్ ఆదేశం లేకుండా దర్యాప్తు చేయకూడదు. ఈ తేడా తెలియక స్టేషన్లు సివిల్ తగాదాల్లో తలదూర్చి చిక్కుల్లో పడుతుంటాయి.

ఇక అరెస్టు. 35వ సెక్షన్‌లో పాత 41, 41ఎ రెండూ కలిసి ఉన్నాయి. మీరు విన్న ‘41ఎ నోటీసు’, అంటే అరెస్టుకు బదులు హాజరుకమ్మని ఇచ్చే నోటీసు, ఇప్పుడు 35(3) నోటీసు. ఏడేళ్ల వరకు శిక్ష పడే నేరాల్లో, అరెస్టు ఎందుకు అవసరమో కారణాలు రాయకుండా అరెస్టు చేయవద్దని అర్నేష్ కుమార్ కేసులో 2014లో సుప్రీంకోర్టు చెప్పింది. పాటించని అధికారులపై శాఖాపరమైన చర్యతో పాటు కోర్టు ధిక్కరణ కూడా ఉంటుందని హెచ్చరించింది. కొత్తగా చేరిన 35(7)ను కూడా గుర్తుంచుకోండి. మూడేళ్ల కంటే తక్కువ శిక్ష పడే నేరంలో నిందితుడు 60 ఏళ్లు పైబడినవాడో, అనారోగ్యంతో బలహీనంగా ఉన్నవాడో అయితే డీఎస్పీ స్థాయి అధికారి ముందస్తు అనుమతి లేనిదే అరెస్టు చేయరాదు.

శిక్షణలో అంతగా నొక్కి చెప్పని సెక్షన్ ఒకటి ఉంది, అది ప్రత్యేకంగా మీకోసమే ఉన్నదనుకోండి. 55వ సెక్షన్ ప్రకారం, స్టేషన్ ఇన్‌చార్జి గానీ దర్యాప్తు అధికారి గానీ తాను లేకుండా కింది ఉద్యోగిని పంపి వారంటు లేని అరెస్టు చేయించాలనుకుంటే, ఎవరిని, ఏ నేరానికి అరెస్టు చేయాలో రాతపూర్వక ఆదేశం ఇవ్వాలి. వెళ్లిన ఉద్యోగి అరెస్టుకు ముందు ఆ ఆదేశ సారాంశాన్ని ఆ వ్యక్తికి చెప్పాలి, అడిగితే చూపించాలి. మీ కళ్లెదుట కాగ్నిజబుల్ నేరం జరుగుతుంటే 35 కింద మీకు స్వతంత్రంగా అధికారం ఉంది, దానికి ఈ కాగితం అక్కరలేదు. ‘ఫలానా వాణ్ని తీసుకురా’ అని నోటితో పంపినప్పుడు మాత్రం ఈ సెక్షన్ గుర్తుకు రావాలి.

అరెస్టు చేసేటప్పుడు మీ పేరు స్పష్టంగా కనబడే బ్యాడ్జి ఉండాలి. అరెస్టు మెమో రాయాలి, కుటుంబ సభ్యుడో ఆ ప్రాంతంలోని గౌరవనీయ వ్యక్తో సాక్షిగా సంతకం చేయాలి, అరెస్టయిన వ్యక్తీ సంతకం చేయాలి. 36వ సెక్షన్‌లో ఉన్న ఈ నియమాలకు మూలం 1996లో డి.కె. బసు కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన మార్గదర్శకాలు. స్టేషన్లలో కస్టడీ మరణాలు ఆగడం లేదన్న ఆందోళన నుంచి అవి పుట్టాయి. మెమో మీద సమయం, తేదీ, సాక్షి సంతకం ఎందుకని విసుగుపడేవారికి ఈ చరిత్ర తెలియాలి.

జవాబు 2: క్రిమినల్ కేసులు వాదించే న్యాయవాది

ఎస్సై గారు చెప్పినదానికి కోర్టు వైపు నుంచి కొన్ని విషయాలు చేరుస్తాను. నేను ఎక్కువగా నిందితుల తరఫున హాజరవుతాను. కనుక పోలీసుల పనిలో లోపాలు వెతకడమే నా వృత్తి అని ముందే చెప్పడం న్యాయం.

ఒకటి, ఇరవై నాలుగు గంటల లెక్క. రాజ్యాంగం 22(2) అధికరణ, సంహిత 58వ సెక్షన్ రెండూ చెబుతున్నది ఒకటే: అరెస్టు చేసిన వ్యక్తిని ప్రయాణ సమయం మినహా 24 గంటల లోపు మేజిస్ట్రేట్ ముందు హాజరుపరచాలి. చాలా స్టేషన్లలో ఈ గడియారం మెమో మీద రాసిన సమయం నుంచి నడుస్తుందని అనుకుంటారు. మనిషిని రాత్రే తెచ్చి కూర్చోబెట్టి, మర్నాడు సాయంత్రం అరెస్టు చూపిస్తే సరిపోతుందనే అలవాటు అందులోంచి వచ్చిందే. మా వాదన మాత్రం అతడి స్వేచ్ఛ వాస్తవంగా ఆగిపోయిన క్షణం నుంచి మొదలవుతుంది. సీసీటీవీ, సెల్‌ఫోన్ టవర్ వివరాలు, ఇంటివారు పంపిన ఫిర్యాదులు ఆ క్షణాన్ని బయటపెడతాయి. పోలీసు స్టేషన్లలో సీసీటీవీలు ఉండాలని పరమ్‌వీర్ సింగ్ సైనీ కేసులో సుప్రీంకోర్టు 2020లో ఆదేశించింది. ప్రవేశ ద్వారం, లాకప్, వరండా, అన్నీ అందులోకి వస్తాయి. ‘విచారణకు పిలిచాం, అరెస్టు కాదు’ అన్న జవాబు ఎన్ని గంటలు నిలబడుతుందో ఆ ఫుటేజీ చెబుతుంది.

రెండు, అరెస్టుకు కారణాలు తెలియజేయడం. 22(1) అధికరణ, 47వ సెక్షన్ దీన్ని కోరుతున్నాయి. ఎస్సై గారు దీన్ని ప్రస్తావించలేదు గానీ, ఇటీవలి సంవత్సరాల్లో బెయిళ్లు ఎక్కువగా నడుస్తున్నది దీని చుట్టూనే. 2023లో పంకజ్ బన్సల్, 2024లో ప్రబీర్ పురకాయస్థ కేసుల్లో ప్రత్యేక చట్టాల కింద జరిగిన అరెస్టులకు కారణాలను రాతపూర్వకంగా ఇవ్వాలని సుప్రీంకోర్టు చెప్పింది. 2025 ఫిబ్రవరిలో విహాన్ కుమార్ కేసులో, కారణాలు తెలియజేయకపోతే ఆ అరెస్టే చెల్లదని మరింత స్పష్టం చేసింది. ‘ఫలానా సెక్షన్ కింద అరెస్టు చేశాం’ అని చెప్పడం కారణం చెప్పడం కాదు. ఏ సంఘటనలో, ఏ పాత్ర ఉందని అనుకుంటున్నారో ఆ వ్యక్తికి అర్థమయ్యే భాషలో ఉండాలి. కాగితం తయారు చేసేది దర్యాప్తు అధికారే కావచ్చు, చేతికి ఇచ్చి సంతకం తీసుకునేది మాత్రం తరచుగా కానిస్టేబులే. ఇవ్వకుండా ‘ఇచ్చినట్టు’ సంతకం తీసుకున్న కేసుల్లో తర్వాత సాక్షి బోనులో ఇబ్బంది పడేది కూడా అతడే.

మూడు, సోదాలు. 105వ సెక్షన్ ప్రకారం సోదా మొదలు స్వాధీనం చేసుకున్న వస్తువుల జాబితా, దాని మీద సాక్షుల సంతకాల దాకా అంతా ఆడియో-వీడియోగా రికార్డు కావాలి. మొబైల్ ఫోన్ చాలని చట్టమే అంటోంది. ఆ రికార్డును ఆలస్యం లేకుండా మేజిస్ట్రేట్‌కు పంపాలి. ఇందుకోసమే ఈ-సాక్ష్య యాప్ వచ్చింది. ఫోన్ పట్టుకుని నిలబడేది సహజంగా చిన్నవయసు కానిస్టేబుల్ అవుతాడు. తలుపు తెరిచే ముందు నుంచి రికార్డు మొదలుపెట్టండి, మధ్యలో ఆపకండి, వస్తువు దొరికిన చోటును, తీస్తున్న చేతిని, మధ్యవర్తుల (సోదాకు సాక్షులుగా ఉండేవారి) ముఖాలను ఒకే చట్రంలోకి తెచ్చే ప్రయత్నం చేయండి. మధ్యవర్తులను స్టేషన్ ఎదుటి దుకాణం నుంచి ప్రతిసారీ అదే ఇద్దరిని తెచ్చే అలవాటును మేము క్రాస్ ఎగ్జామినేషన్‌లో ఎలా వాడుకుంటామో మీ శిక్షకులను అడగండి, చెబుతారు. ఎలక్ట్రానిక్ రికార్డుకు భారతీయ సాక్ష్య అధినియమ్ (కొత్త సాక్ష్య చట్టం) 63వ సెక్షన్ ధ్రువపత్రం కావాలి, అందులో హాష్ విలువ (ఫైలు మారలేదని చూపే సంకేతం) నమోదు చేయాలి. అందువల్ల ఆ వీడియోను వాట్సాప్‌లో తిప్పి, ఫోన్‌లోంచి చెరిపేసి, మళ్లీ ఎక్కడి నుంచో తెచ్చి అప్పగించకూడదు.

నాలుగోది, ఒప్పుకోలు. పోలీసు అధికారి ముందు చేసిన ఒప్పుకోలు కోర్టులో రుజువుగా పనికిరాదని సాక్ష్య అధినియమ్ 23వ సెక్షన్ చెబుతోంది. కస్టడీలో చెప్పిన మాట వల్ల ఒక వస్తువో వాస్తవమో కొత్తగా బయటపడితే, ఆ మేరకు సంబంధించిన భాగం మాత్రమే పనికివస్తుంది. మరి కొట్టి చెప్పించిన ఒప్పుకోలు ఎవరికి ఉపయోగం? కోర్టుకు కాదు. పోగా, ఒప్పుకోలు కోసం గాయపరిస్తే న్యాయ సంహిత 120 కింద ఏడేళ్ల వరకు, తీవ్ర గాయమైతే పదేళ్ల వరకు శిక్ష. గదిలో లాఠీ ఎత్తమని చెప్పినవారి పేరు రికార్డులో ఉండకపోవచ్చు, ఎత్తినవారి పేరు వైద్య నివేదిక ద్వారా వస్తుంది.

ప్రశ్న అడిగిన వ్యక్తి

ఇద్దరికీ కృతజ్ఞతలు. రెండు విషయాలు ఇంకా అర్థం కాలేదు. ఎస్కార్ట్ డ్యూటీలో నిందితుడు తప్పించుకుంటే సస్పెండ్ అయ్యేది కానిస్టేబుల్. అలాంటప్పుడు బేడీలు వేయకుండా ఎలా తీసుకువెళ్లాలి? మరొకటి, పై అధికారి నోటితో ఇచ్చిన ఆదేశం పద్ధతికి విరుద్ధమని నాకు తెలిసినప్పుడు నేను ఏం చేయగలను? క్రమశిక్షణ గల దళంలో ఆదేశాన్ని ప్రశ్నించడం తప్పని మాకు మొదటి రోజు నుంచీ చెబుతున్నారు.

జవాబు 3: శిక్షణ కేంద్రంలో చట్టం బోధించే అధ్యాపకురాలు

బేడీల గురించి మీరు అడిగినది న్యాయమైన ప్రశ్న. 1980లో ప్రేమ్ శంకర్ శుక్లా కేసులో సుప్రీంకోర్టు బేడీలు మామూలు పద్ధతి కాకూడదని, అది మనిషి గౌరవానికి, 21వ అధికరణకు సంబంధించిన విషయమని చెప్పింది. కొత్త సంహిత 43(3) దీన్ని కొంత సడలించింది. పదేపదే నేరాలు చేసేవారు, ఒకసారి కస్టడీ నుంచి తప్పించుకున్నవారు, వ్యవస్థీకృత నేరం, ఉగ్రవాదం, మాదకద్రవ్యాలు, అక్రమ ఆయుధాలు, హత్య, అత్యాచారం, యాసిడ్ దాడి, మానవ అక్రమ రవాణా, పిల్లలపై లైంగిక నేరాలు వంటి కేసుల నిందితుల విషయంలో, నేర స్వభావాన్నీ తీవ్రతనూ చూసి, అరెస్టు సమయంలోనూ కోర్టులో హాజరుపరిచేటప్పుడూ బేడీలు వాడవచ్చని అంటోంది. ‘వాడవచ్చు’ అన్న మాటను ‘వాడాలి’ అని చదవకండి. జాబితాలో లేని నేరానికి, ఉదాహరణకు చిన్న దొంగతనంలో మొదటిసారి పట్టుబడిన యువకుడికి, అలవాటుగా బేడీలు వేస్తే చట్టం మీ పక్షాన ఉండదు. ఇక జైలు నుంచి కోర్టుకు, కోర్టు నుంచి జైలుకు తీసుకువెళ్లే రిమాండ్ ఖైదీల విషయంలో మేజిస్ట్రేట్ ఆదేశం లేకుండా బేడీలు వేయరాదని 1995 నాటి సుప్రీంకోర్టు తీర్పు ఒకటి ఉంది.

కాబట్టి చేయవలసింది బయలుదేరే ముందే ఉంది. ఖైదీ నేరచరిత్ర అడగండి. తప్పించుకునే ప్రమాదం ఉందనిపిస్తే ఆ కారణాన్ని రాతలో పెట్టి, అదనపు సిబ్బందిని గానీ బేడీలకు అనుమతిని గానీ కోరండి. ఇద్దరు కావలసిన చోట ఒక్కరినే పంపితే, ఆ సంగతి పాస్‌పోర్టులోనూ (డ్యూటీకి పంపుతూ స్టేషన్ ఇచ్చే కాగితం) జనరల్ డైరీలోనూ కనబడాలి. తప్పించుకున్న తర్వాత జరిగే విచారణలో మీ జాగ్రత్తను నిరూపించేది ముందుగా రాసిన ఆ ఒక్క వాక్యమే. సిబ్బంది కొరత భారమంతా చివరి కానిస్టేబుల్ మీద పడటం అన్యాయమని నేనూ ఒప్పుకుంటాను. అయితే ఆ లోటును ఖైదీ మణికట్టు మీద తీర్చుకునే అధికారం మాత్రం మనకు లేదు.

ఆదేశం విషయానికి వస్తే, చట్టబద్ధమైన ఆదేశాన్ని పాటించడం మీ విధి. ‘చట్టబద్ధమైన’ అన్న విశేషణాన్ని పరేడ్ మైదానంలో ఎవరూ పలకరు కనుక తరగతిలో మేము పలకాలి. న్యాయ సంహిత 14వ సెక్షన్, చట్టప్రకారం చేయాల్సిన పనిని చేసినవారికి, లేదా వాస్తవం విషయంలో పొరబడి అలా చేయడానికి తాము బద్ధులమని సద్భావంతో నమ్మినవారికి రక్షణ ఇస్తుంది. చట్టం తెలియక పొరబడ్డామంటే ఆ రక్షణ రాదు. 2011లో ప్రకాశ్ కదం కేసులో సుప్రీంకోర్టు, బూటకపు ఎన్‌కౌంటర్‌లో పాల్గొన్న పోలీసులు పై అధికారుల ఆదేశమని చెప్పి తప్పించుకోలేరని తేల్చి చెప్పింది. అది అత్యంత తీవ్రమైన సందర్భం. మీకు నిత్యం ఎదురయ్యేవి అంత తీవ్రంగా ఉండవు. సాయంత్రం ఆరు దాటాక ఒక మహిళను స్టేషన్‌కు తీసుకురమ్మనడం, మెమో లేకుండా ఒకరిని లాకప్‌లో పెట్టమనడం, జనరల్ డైరీలో సమయం మార్చి రాయమనడం వంటివి ఉంటాయి. ఇలాంటి చోట ఎదురుతిరిగి ఉపన్యాసం ఇవ్వనక్కరలేదు. ‘సార్, 43(5) ప్రకారం సూర్యాస్తమయం తర్వాత మహిళను అరెస్టు చేయాలంటే మహిళా అధికారి వెళ్లాలి, మేజిస్ట్రేట్ అనుమతి కావాలి కదా, ఆర్డరు ఎలా రాయమంటారు’ అని వినయంగా అడగండి. కాగితం అడిగిన చోట చాలా నోటి ఆదేశాలు అక్కడికక్కడే ఆగిపోతాయి. ఆగకపోతే ఎవరు, ఎప్పుడు, ఏం చెప్పారో మీ నోట్‌బుక్‌లోనూ, అవకాశం ఉంటే డైరీలోనూ నమోదు చేయండి. ఆదేశం ఇచ్చినవారి కంటే పైనున్న అధికారికి తెలియజేసే మార్గం మీకు ఉంది. దీనివల్ల బదిలీ రావచ్చు, సెలవు దొరకకపోవచ్చు. ఏ ఇబ్బందీ ఉండదని చెబితే నేను మీకు అబద్ధం చెప్పినట్టవుతుంది. కానీ క్రిమినల్ కేసులో నిందితుడిగా నిలబడటంతో పోలిస్తే అది భరించగలిగిన ఇబ్బంది.

విలువలు ఎక్కడ కనబడతాయన్న మీ తొలి ప్రశ్నకు నా సమాధానం ఇందులోనే ఉంది. విలువల తరగతి, చట్టం తరగతి వేరువేరు కావు. 1985లో కేంద్ర హోం శాఖ రాష్ట్రాలకు పంపిన పోలీసు ప్రవర్తనా నియమావళి, పోలీసులు రాజ్యాంగం పట్ల విధేయులై ఉండాలని, న్యాయస్థానాల పాత్రను తామే పోషించరాదని కోరుతుంది. ఆ రెండో వాక్యాన్ని చట్టంలోకి దించితే ఏమవుతుంది? శిక్ష వేసేది కోర్టు కనుక పోలీసు కొట్టకూడదు, రిమాండు నిర్ణయించేది మేజిస్ట్రేట్ కనుక 24 గంటలు దాటకూడదు, నేరం రుజువు కాలేదు కనుక పట్టుబడినవాణ్ని ముసుగు లేకుండా కెమెరాల ముందు ఊరేగించకూడదు. ఒకే విలువ ఒక చోట సెక్షన్‌గా, ఇంకోచోట రిజిస్టరులో గడిగా కనబడుతుంది.

మహిళలు, పిల్లల విషయంలో ఇది మరింత కచ్చితంగా ఉంటుంది. సాక్షిగా అవసరమైనప్పటికీ మహిళను, 15 ఏళ్లలోపు బాలుణ్ని, 60 ఏళ్లు దాటిన పురుషుణ్ని, వికలాంగులను, తీవ్ర అనారోగ్యంతో ఉన్నవారిని స్టేషన్‌కు రమ్మని ఒత్తిడి చేయరాదని 179వ సెక్షన్ చెబుతోంది. వారు ఉన్న చోటికే పోలీసులు వెళ్లాలి. తామే వస్తామంటే అభ్యంతరం లేదు. మహిళ ఒంటిపై సోదా మరో మహిళే, మర్యాద పాటిస్తూ చేయాలి. చట్టంతో ఘర్షణ పడిన పిల్లవాణ్ని లాకప్‌లో పెట్టకూడదు, బేడీలు వేయకూడదు, 24 గంటల్లో బాలల న్యాయ మండలి ముందుకు తీసుకువెళ్లాలి. ఆ పనికి బాలల సంక్షేమ పోలీసు అధికారి ఉంటారు, వారికి వెంటనే అప్పగించడమే కానిస్టేబుల్ చేయవలసింది. పోక్సో కేసులో బాధిత బిడ్డ వాంగ్మూలం తీసుకునే అధికారి యూనిఫాంలో ఉండకూడదు, ఆ బిడ్డను రాత్రిపూట ఏ కారణంతోనూ స్టేషన్‌లో ఉంచకూడదు. పదహారేళ్లవాడో పద్దెనిమిదేళ్లవాడో చూడగానే తెలియదు కదా అని మా తరగతిలో ప్రతి బ్యాచ్ అడుగుతుంది. అనుమానం ఉంటే వయసు తేలేదాకా పిల్లవాడిగానే చూడండి. అలా చూసినందువల్ల కేసుకు నష్టం రాదు, పెద్దవాడిగా చూసి పొరబడితే వస్తుంది.

ఒక చిన్న హెచ్చరిక. లైంగిక నేరాల బాధితుల పేరు, ఫోటో, గుర్తుపట్టగల వివరాలు బయటపెట్టడం న్యాయ సంహిత 72వ సెక్షన్ కింద నేరం. స్టేషన్ వాట్సాప్ గ్రూపులో ఫోటో పెట్టి ‘మనవాళ్లే కదా’ అనుకోవడం ఇటీవల బాగా పెరిగిన అలవాటు. శిక్షణ ముగియగానే ఫోన్ వాడకంలో మార్చుకోవలసిన మొదటి విషయం అదే.

జవాబు 4: స్టేషన్ రైటర్‌గా పనిచేస్తున్న హెడ్ కానిస్టేబుల్

అందరూ సెక్షన్లు చెప్పారు కనుక నేను రాత పని గురించి మాత్రం చెబుతాను. స్టేషన్ రైటరుగా నా దృష్టిలో కొత్త కానిస్టేబుల్‌కు రావలసిన మొదటి నైపుణ్యం జనరల్ డైరీకి పనికివచ్చేలా విషయం చెప్పడం. ‘గొడవ జరిగిందని వెళ్లి సర్దుబాటు చేసి వచ్చాం’ అని చెబితే నేను రాయగలిగేది ఏమీ లేదు. ఎన్ని గంటలకు కాల్ వచ్చింది, ఎన్ని గంటలకు చేరారు, అక్కడ ఎవరెవరు ఉన్నారు, మీరు కళ్లతో చూసింది ఏమిటి, ఇతరులు చెప్పింది ఏమిటి, ఏ వస్తువు తాకారు, ఎవరికి అప్పగించారు, తిరిగి ఎప్పుడు వచ్చారు అన్నవి కావాలి. చూసినదానినీ విన్నదానినీ కలిపేయడం కొత్తవారిలో నేను ఎక్కువగా చూసే లోపం. ‘అతను తాగి ఉన్నాడు’ అనకండి. నోటి నుంచి మద్యం వాసన వచ్చింది, నడక తడబడింది అని చెప్పండి. తాగాడో లేదో డాక్టరు చెబుతారు.

తీవ్ర నేరం జరిగిన చోటుకు ముందుగా చేరితే తాడు కట్టి జనాన్ని దూరం పెట్టండి. ఏడేళ్లు, అంతకు పైబడి శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణులు స్థలానికి రావాలని 176(3) చెబుతోంది, వారు వచ్చేదాకా ఆ స్థలం మీ చేతిలో ఉన్న సాక్ష్యం. గాయపడినవారు ఉంటే మాత్రం ముందు ఆసుపత్రి, తర్వాతే మిగతావి. వారిని కదిలించక తప్పకపోతే ఏ భంగిమలో, ఎక్కడ ఉన్నారో ఒక ఫోటో తీసి కదిలించండి.

కొత్త, పాత నంబర్ల గందరగోళం గురించి అడిగారు. 2024 జూలై 1కి ముందు జరిగిన నేరాలకు ఇప్పటికీ పాత ఐపీసీ సెక్షన్లే వర్తిస్తాయి కనుక సీనియర్ల నోట ఆ నంబర్లు ఇంకా కొన్నేళ్లు వినబడతాయి. కోర్టు డ్యూటీకి వెళితే రెండు రకాల ఫైళ్లూ ఒకే రోజు మీ చేతికి వస్తాయి. రెండు వరుసల్లో ఒక పట్టిక రాసి జేబులో పెట్టుకోండి: ఎఫ్ఐఆర్ 154కు 173, నోటీసు 41ఎకు 35(3), సాక్షి వాంగ్మూలం 161కి 180, కేసు డైరీ 172కు 192, రిమాండు 167కు 187, శవ పంచనామా 174కు 194. ఈ ఆరింటిలో ఒక చిక్కు ఉంది: 174 అంటే పాత చట్టంలో శవ పంచనామా, కొత్త చట్టంలో నాన్-కాగ్నిజబుల్ సమాచారం. 172తోనూ ఇదే ఇబ్బంది. పాత చట్టంలో అది కేసు డైరీ, కొత్త చట్టంలో పోలీసుల చట్టబద్ధమైన సూచనలను జనం పాటించాలని చెప్పే సెక్షన్. సీనియర్ నంబరు చెప్పినప్పుడు పాతదా కొత్తదా అని అడిగి రాయండి.

పారాలో ఉన్నప్పుడు రాత్రి ఎవరినైనా తెచ్చి ‘ఇక్కడ కూర్చోబెట్టు, పొద్దున చూద్దాం’ అని వెళ్లిపోతే ఏం చేయాలని మా స్టేషన్‌కు వచ్చే ప్రతి కొత్త కానిస్టేబుల్ అడుగుతాడు. తెచ్చినవారి పేరు, సమయం, తెచ్చిన కారణం, ఆ మనిషి ఒంటి మీద కనబడుతున్న గాయాలు, అతని దగ్గరున్న వస్తువులు, ఇంటివారికి కబురు వెళ్లిందా లేదా అన్నవి డైరీలోకి ఎక్కించమని రైటరును అడగండి. రైటరు లేకపోతే ఉన్న అధికారిని అడగండి. మెమో లేదంటే అదే రాయమనండి. ఆ వ్యక్తికి నీళ్లు, మందులు అవసరమైతే ఇచ్చి అదీ నమోదు చేయించండి. పొద్దున పారా మార్చేటప్పుడు తర్వాతి కానిస్టేబుల్‌కు ఆ నమోదు చూపించి, మనిషిని చూపించి, ఇద్దరూ సంతకం చేశాకే డ్యూటీ దిగండి.